పసుపు పట్టని పెళ్లికార్డు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఈ సీజన్ పెళ్లికార్డుల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. వెల్వెట్ లామినేషన్, బంగారు ఫాయిల్, లేజర్ కటింగ్, పెట్టెలో పెట్టి ఇచ్చే కార్డులు, అన్నీ చెప్పారు గానీ ఆ కార్డులు ఏ కాగితం మీద వేశారో ఒక్క ముక్క లేదు. ఇరవై ఏళ్లుగా నల్లగొండలో డీటీపీ, డిజైన్ పని చేసుకుని బతుకుతున్నవాణ్ణి, నాకు అక్కడే చురుక్కుమంది. మా దగ్గరికి వచ్చేవాళ్లూ అంతే, ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "ఇట్లనే గావాలె అన్నా" అంటారు. ఫోన్ అద్దం మీద ఏ కాగితమైనా నున్నగానే ఉంటుంది మరి.

రెండేళ్ల కింద దేవరకొండ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ముదురు మెరూన్ రంగు కావాలన్నారు, పైన వెల్వెట్ లామినేషన్ ఉండాలన్నారు, స్వామివారి బొమ్మ బంగారు ఫాయిల్‌లో మెరవాలన్నారు. 300 జీఎస్‌ఎం (కాగితం బరువు లెక్క) ఆర్ట్ కార్డు, అంటే నున్నటి పూత వేసిన మందపాటి అట్ట మీద 600 కార్డులు వేయించాం. కట్టలు విప్పిన రోజు ముట్టుకుంటే పిల్లి ఒంటి మీద చెయ్యేసినట్టుంది, అందరం మురిసిపోయాం. మర్నాడు పొద్దున్నే పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసింది. "తమ్మీ, గిదేంది, పసుపు పడ్తనే లేదు!" మొదటి కార్డు దేవుడి దగ్గర పెడదామని నాలుగు మూలలా పసుపు రాస్తే బొట్లు బొట్లుగా జారిపోయిందట, ఆరాక పొడిలా రాలి ఆమె చీర మీద పడిందట, మిగిలిన కాస్తా మెరూన్ రంగులో కలిసిపోయి కనిపించనే లేదట. పోనీ పేర్లు రాద్దామంటే బాల్‌పెన్ జారుతోంది. జెల్ పెన్ రాస్తోంది గానీ ఆరదు, కార్డు మీద కార్డు పెట్టగానే మేనమామ పేరు పెద్దబావ కార్డు వెనక అచ్చయి కూర్చుంది.

చివరికి నాచురల్ షేడ్ (మీగడ రంగు) కాగితం మీద "గారికి" అని చిన్న చిన్న చీటీలు ప్రింట్ తీసి, నేనూ మా ఇంటామె రాత్రి రెండింటి దాకా కూర్చుని 600 కార్డులకు అతికించాం. పేరూ పసుపూ రెండూ ఆ చీటీ మీదే. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు గానీ తప్పు నాదే. లామినేషన్ అంటే వేడితో కాగితానికి అతికించే సన్నని ప్లాస్టిక్ పొర, ప్లాస్టిక్ నీళ్లు పీల్చదు, ఇది నాకు తెలియంది కాదు. స్క్రీన్ మీద డిజైన్‌ను అటూ ఇటూ జరుపుకుంటూ పసుపు సంగతే మర్చిపోయాను.

అప్పటి నుంచి కంప్యూటర్ ఆన్ చేయకముందే అడుగుతున్నాను, దీన్ని చేతిలోకి తీసుకున్నవాళ్లు ఏం చేస్తారు అని. పసుపు రాస్తారా, పెన్నుతో రాస్తారా, మడిచి జేబులో పెట్టుకుంటారా, ఎండకు కారు అద్దం దగ్గర పడేస్తారా, పదేళ్లు బీరువాలో దాచుకుంటారా. జవాబును బట్టి కాగితం, కాగితాన్ని బట్టి ప్రింటింగ్, ఆ తర్వాతే మెరుపులు. పెళ్లికార్డుకైతే పైన అట్టకు మీ ఇష్టమొచ్చిన సోకులు చేసుకోండి, లోపలి షీటు మాత్రం పూత లేని కాగితం పెట్టుకోండి, కొంచెం గరుకుగా ఉండే టెక్స్చర్ షీటైతే ఇంకా మంచిది. పసుపు చక్కగా పడుతుంది, పెన్ను రాస్తుంది. మెరుపు లేకపోతే పెద్దవాళ్లు ఒప్పుకోరు అనేవాళ్లకు ముత్యంలా మెరిసే మెటాలిక్ కాగితాలు దొరుకుతాయి, మెరుపు కాగితంలోనే ఉంటుంది కాబట్టి పైన ప్లాస్టిక్ పొర అక్కర్లేదు. ఆ పొర వేసిన కాగితాన్ని మళ్లీ గుజ్జు చేసి వాడుకోవడం కూడా కష్టమే, పెళ్లయ్యాక ఆ కార్డులు ఎక్కడికి పోతాయో మనందరికీ తెలుసు.

జీఎస్‌ఎం మాట వచ్చింది కాబట్టి ఒక గందరగోళం. అది బరువు, మందం కాదు. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. ఏ0 సైజు షీటు సరిగ్గా ఒక చదరపు మీటరు, ఏ4 అందులో పదహారో వంతు, అందుకే 80 జీఎస్‌ఎం ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములు, 500 కాగితాల రీము రెండున్నర కిలోలు. కానీ ఆర్ట్ పేపర్ మీద తెల్లమట్టి లాంటి ఖనిజాల పూత వేసి రోలర్ల మధ్య అదిమి నున్నగా చేస్తారు కాబట్టి బరువు ఎక్కువ, మందం తక్కువ. 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపరూ 80 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో (పూత లేని మామూలు) కాగితమూ వేళ్ల మధ్య దాదాపు ఒకే మందం అనిపిస్తాయి, రెండూ ఒక మిల్లీమీటరులో పదో వంతు. "జీఎస్‌ఎం పెంచండి" అని డబ్బులు పోసేవాళ్లు ముందు రెండు కాగితాలూ నలిపి చూసుకుంటే చాలా ఖర్చు తప్పుతుంది.

కాగితాన్ని బట్టి ప్రింటింగ్ అన్నాను, అది నేర్పింది పోచంపల్లి చీరలు. అక్కడి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, చీర ఎంత గొప్పదైనా దానికి వేలాడే చీటీ మాత్రం చాలాచోట్ల మెడికల్ షాపు కవరులా ఉంటుంది. కొందరు నేత కుటుంబాలవాళ్లు కలిసి ఒక 200 ట్యాగులు చేసిపెట్టమన్నారు. 200 కోసం ప్లేట్లతో అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్లు వేయిస్తే గిట్టదు (200 వేసినా 2,000 వేసినా ప్లేట్ల ఖర్చు అదే), అందుకని డిజిటల్‌లో వేయించాను. గరుకు కాగితం మీద నిండు నీలం రంగు, దాంట్లో తెల్లటి నమూనా. వచ్చింది చూస్తే నీలం నిండా తెల్ల చుక్కలు, పాత గోడకు సున్నం రాలినట్టు. డిజిటల్ మెషీన్‌లో చాలావరకు సిరా ఉండదు, టోనర్ పొడి, అది కాగితం పైకి ఉబ్బిన చోట అంటుకుంటుంది, పల్లాల్లోకి దిగదు. మడత దగ్గర పెచ్చులు పెచ్చులుగా ఊడింది కూడా.

రెండోసారి స్క్రీన్ ప్రింటింగ్ చేయించాం. పాతకాలం పని అని చిన్నచూపు చూస్తాం గానీ, సిరాను జాలీ గుండా రబ్బరుతో తోస్తుంటే అది గరుకు కాగితం సందుల్లోకీ దిగి చిక్కగా కూర్చుంటుంది. పాత బట్ట పీలికల గుజ్జుతో చేసే హ్యాండ్‌మేడ్ కాగితం తెప్పించాం, ఒకే రంగు, ఒకే స్క్రీన్. ఆ కాగితం అంచులు ఎగుడుదిగుడుగా, మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆఫ్‌సెట్ మెషీన్ దాన్ని సరిగ్గా లాగదు, చేత్తో పెట్టే స్క్రీన్‌కు ఆ బాధ లేదు. ఇంకొకటి కూడా గమనించాను, ఇది నా అభిప్రాయం మాత్రమే. ఇక్కత్‌లో నూలుకు ముందే కట్లు కట్టి రంగు అద్దుతారు కాబట్టి నేసినప్పుడు నమూనా అంచు గీత గీసినట్టు రాదు, కాస్త పాకినట్టు ఉంటుంది, అందం అంతా అక్కడే ఉంది. పూత లేని కాగితం సిరాను పీలుస్తుంది, చుక్క కొంచెం వ్యాపిస్తుంది, ప్రెస్సువాళ్లు దాన్ని దోషంగా చూస్తారు. ఇక్కత్ బొమ్మకు ఆ పాకడమే సరిపోయింది. అదే బొమ్మ గ్లాసీ ఆర్ట్ కార్డు మీద కత్తితో కోసినట్టు వచ్చింది, చూడగానే బట్ట అనిపించలేదు, టైల్స్ అనిపించింది. ట్యాగు చూసిన పెద్దాయన ఒకాయన దాన్ని చీర అంచు పక్కన పెట్టి, "ఇప్పుడు మనింటి పిల్లలెక్క ఉన్నది" అన్నాడు. ఆ పనికి మిగిలింది పెద్దగా ఏం లేదు, అయినా నాకు ఆ మాట చాలు.

పుస్తకం వేయించుకునే కవి మిత్రులకు ఒక మాట. మన జిల్లాల్లో కవులకు కొదవ లేదు, ఏడాదికి రెండు మూడు పుస్తకాలైనా నా చేతి మీదుగా పోతాయి. ఒక రిటైర్డ్ తెలుగు సారు పుస్తకం ఆవిష్కరణ శ్రావణంలో పెట్టుకున్నారు, బయట ఒకటే ముసురు. వేదిక మీద బల్ల మీద పేర్చిన 50 పుస్తకాల అట్టలు సభ సగమయ్యేసరికి ఒక్కొక్కటే పైకి లేచాయి, ముఖ్య అతిథి మాట్లాడుతూ మాట్లాడుతూ చేత్తో అదుముతున్నాడు, అవి మళ్లీ లేస్తున్నాయి. సారు నా వైపు చూశారు, నేను నేల వైపు చూశాను. అట్టకు ఒకవైపే లామినేషన్ వేస్తే పైన ప్లాస్టిక్ పొర తేమను రానివ్వదు, లోపలివైపు కాగితం మాత్రం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బిన వైపు సాగి అట్ట పైకి వంగుతుంది. దానికి తోడు ఆ అట్టకు గ్రెయిన్ అడ్డంగా పడింది.

గ్రెయిన్ అంటే, మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు మెషీన్ పోయే దిక్కున పోగులు ఎక్కువగా వరుసకడతాయి. ఆ దిక్కున మడిస్తే సాఫీగా మడుస్తుంది, అడ్డంగా మడిస్తే చిట్లుతుంది, ముదురు రంగు ఉంటే చిట్లినచోట తెల్లగీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పుస్తకంలో అట్టకైనా లోపలి కాగితాలకైనా గ్రెయిన్ వెన్నుకు సమాంతరంగా ఉండాలి, లేకపోతే తెరిచి పెడితే నిలవదు, మూసుకుపోతుంది. తెలుసుకోవడానికి మెషీన్లేమీ అక్కర్లేదు, చిన్న ముక్క తీసుకుని ఒకవైపు తడి చేయండి, గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం ఏ దిక్కున పొడుగ్గా ఉందో గ్రెయిన్ ఆ దిక్కునే. షీటుకు రెండు అట్టలు ఎక్కువ వస్తాయని ప్రెస్సువాళ్లు అడ్డంగా తిప్పి కోసేస్తారు, అడిగితే "ఏం గాదన్నా" అంటారు. మందం కార్డు మడిచేముందు క్రీజింగ్ (మడత పడేచోట గీత నొక్కడం) చేయించడం కూడా అట్లాగే వదిలేస్తున్నారు, పాత ట్రెడిల్ అచ్చు మెషీన్ ఒకటి మూలన ఉంటే చాలు, అయిపోయే పని.

ఫాయిల్, ఎంబోజింగ్ (బొమ్మ ఉబ్బెత్తుగా లేపడం), స్పాట్ యూవీ (కావాల్సిన చోట మాత్రమే మెరుపు పూత) గురించి ఎక్కువ చెప్పను, వ్యాసంలో వాటి గురించే ఉంది. ఒక్కటి మాత్రం మన లిపికి సంబంధించిందని రాస్తున్నా. ఇంగ్లిష్ అక్షరాలకు చూపించిన శాంపిల్ చూసి తెలుగుకు ఒప్పుకోకండి. ఫాయిల్ వేడి బ్లాకుతో అచ్చు కొట్టేది, చిన్న సందులుంటే పూడుకుపోతాయి. "లక్ష్మీనరసింహస్వామి" అని 10 పాయింట్లలో ఫాయిల్ వేయిస్తే క్ష కింద మ ఒత్తు ఒక బంగారు ముద్దయింది, ఏ స్వామో తెలియలేదు. పేరు పెద్దదిగా, ఒత్తుల మధ్య ఖాళీ ఉన్న ఫాంటులో పెట్టండి. నాలుగు రంగులు కలిపిన మెరూన్ మీద సన్నటి తెల్ల అక్షరాలు వదిలితే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా తలకట్లు ఎగిరిపోతాయి, అందుకే ముహూర్తం టైము మాత్రం లేత రంగు మీద నల్ల అక్షరాల్లోనే ఉంచుతాను, ఎవరేమన్నా సరే.

ఇక అసలు బాధ. 1922లోనే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక నడిపిన ఊరు మాది. అదే ఊళ్లో ఇవాళ నాలుగు రకాల కాగితాలు చేత్తో పట్టుకుని చూడాలంటే వంద కిలోమీటర్లు బస్సెక్కి హైదరాబాద్ పోవాలి, ఛత్తాబజార్‌లో దుకాణం దుకాణం తిరగాలి, పని పోయి ఒక రోజు, ఖర్చు వేరే. ఇక్కడి ప్రెస్సుల్లో మ్యాప్‌లిథో, ఆర్ట్ పేపర్, ఆర్ట్ కార్డు తప్ప ఇంకేమైనా ఉందా అంటే పైన కట్టలు దించి దుమ్ము దులపాలి. శివకాశి నుంచి వచ్చే రెడీమేడ్ కార్డుల ఆల్బమ్ మాత్రం ప్రతి షాపులో ఉంటుంది. కుర్రవాళ్లు ఫోన్‌లోనే డిజైన్ నేర్చుకుంటున్నారు, మంచి చెయ్యి ఉన్నవాళ్లున్నారు, కానీ ఒక్కసారైనా హ్యాండ్‌మేడ్ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడనివాళ్లు దాని మీద ఏం వేయాలో ఎట్లా అనుకుంటారు?

మీకు నా విన్నపం, ఈసారి అనుబంధంలో ఇట్లాంటి వ్యాసం వేస్తే ప్రతి ఫొటో కింద కాగితం పేరు, జీఎస్‌ఎం, ఎట్లా ప్రింట్ చేశారో ఒక లైను వేయించండి. నేను నా వంతుగా ఒక లీవర్ ఫైలు మొదలుపెట్టాను, నేను పాడుచేసిన పనుల ముక్కలతో సహా దాదాపు 40 రకాలున్నాయి, ఒక్కోదాని వెనక ఏ పెన్ను రాసింది, పసుపు పట్టిందా లేదా, మడిస్తే చిట్లిందా అని రాసిపెట్టాను. మిర్యాలగూడ, సూర్యాపేట, పాలమూరు ప్రెస్సులవాళ్లు తమ దగ్గర మిగిలిన కటింగ్ ముక్కలు అరచేయంత పంపినా చాలు, అందులో చేరుస్తాను. ఫైలు షాపులో ముందు బల్ల మీదే ఉంటుంది, ఎవరైనా వచ్చి ముట్టుకుని చూసుకోవచ్చు, పక్కనే గిన్నెలో పసుపు కూడా పెట్టాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక డీటీపీ ఆపరేటర్,
ప్రకాశం బజార్, నల్లగొండ.