మా రోడ్డు కథ రాస్తున్నా, తీరిగ్గా చదువు బావా

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో "మీ రోడ్డు సంగతి ఏమైందిరా" అని అడిగితే ఉత్తరం రాస్తాలే అన్నాను కదా. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. పొద్దున్న పాపని స్కూల్ బస్సు ఎక్కించడానికి వెళ్లి నలభై నిమిషాలు నిలబడ్డాను. బస్సు కనిపిస్తూనే ఉంది, కానీ కదలదు. దాని ముందు రెండు నీళ్ల ట్యాంకర్లు, ఒక రెడీమిక్స్ లారీ, ఎదురుగా ఇటుకల ట్రాక్టరు. చివరికి పాప బ్యాగు తగిలించుకుని నడిచెళ్లి బస్సెక్కింది. ఏడేళ్ల పిల్ల, లారీ చక్రాల పక్కనుంచి బురదలో నడిచింది. చెయ్యి పట్టుకుని నడుస్తున్న నాకే గుండె దడదడలాడింది.

నువ్వు పదేళ్ల కింద వచ్చినప్పుడు ఇదంతా పొలాలు, జామతోటలు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) దిగాక ఐదు నిమిషాల్లో ఊళ్లో ఉండేవాళ్లం. ఆ రెండు కిలోమీటర్లే ఇప్పుడు మా ప్రాణం తీస్తున్నాయి. ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. మాదొక్కటే 900 ఫ్లాట్లు. రోడ్డు మాత్రం ఎడ్లబండ్ల నాటిదే, పైన తారు పోశారంతే.

దాని ఆకారం చెప్తా విను. కప్పను మింగిన పామును చూశావా? మా రోడ్డు అచ్చం అలాగే ఉంటుంది. కొత్త బిల్డింగు ముందు వంద అడుగులు, దాటగానే ఇరవై, మళ్లీ ఇంకో బిల్డింగు ముందు వంద. ఎందుకంటే 2006లో వచ్చిన బిల్డింగ్ రూల్స్‌లో గానీ, ఆ తర్వాత 2012లో వచ్చిన జీవో 168లో గానీ ఎఫ్‌ఎస్‌ఐ అనే హద్దు, అంటే ఇంత జాగాలో ఇంతే కట్టాలనే పరిమితి, లేదు. ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత జాగా వదిలారు అనేదాన్ని బట్టే ఎత్తు. మాస్టర్ ప్లాన్‌లో వంద అడుగుల రోడ్డని గీత ఉంటే, బిల్డరు తన జాగా ముందున్న పట్టీని రోడ్డుకు రాసిచ్చి అనుమతి తెచ్చుకుంటాడు. మా దగ్గర జరిగింది ఇదే. ముప్పై అంతస్తులు లేచాయి, గీతలో ఉన్న రోడ్డు గీతలోనే ఉండిపోయింది.

అన్నిటికన్నా ఇరుకైన చోట ఒక అవ్వ ఇల్లుంది. పెంకుటిల్లు, ముందు అరుగు, పక్కన వేపచెట్టు. గోడ మీద ఎర్ర రంగుతో ఒక బాణం గుర్తు, దాని పక్కన అంకె. రోడ్డు వెడల్పు కోసం సర్వేవాళ్లు వేసి వెళ్లి నాలుగేళ్లయింది. మా కమ్యూనిటీలో అందరూ ఆ ఇల్లే అడ్డమంటారు. మొన్న నేను వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. గ్లాసుతో మజ్జిగిచ్చి, "గీ గుర్తు ఏసిపోయిన్రు బిడ్డా, మల్ల ఒక్కడు రాలె. పైసలిస్తరో, కాయితమిస్తరో చెప్పరాదు. కూలగొడ్తరేమోనని కప్పు గూడ బాగు చేయించుకుంటలేను" అంది. వానాకాలం ఇంట్లో మూడు చోట్ల గిన్నెలు పెడుతుందట. నిజంగా సిగ్గేసింది బావా. మన కారు కదలడం లేదని మనం విసుక్కుంటున్నాం, ఆవిడ నాలుగేళ్లుగా కారే కప్పు కింద పడుకుంటోంది.

ఆ కాయితం అంటే టీడీఆర్. భూమి తీసుకుని డబ్బుకు బదులు అభివృద్ధి హక్కు పత్రం ఇస్తారు, దాన్ని అదనపు అంతస్తు కావాలనుకునే బిల్డరుకు అమ్ముకోవాలి. ఖజానాకు సులువే. రెండొందల గజాల ముసలావిడ దాన్ని పట్టుకుని ఏ బిల్డరు గుమ్మం తొక్కుతుంది? 2013 భూసేకరణ చట్టం ప్రకారం ఇస్తే మార్కెట్ విలువకు మరో నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకున్నా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం, కలుస్తుంది. ఇల్లు పోయేవాళ్లకు ఆ లెక్కన నగదే ఇవ్వాలని నా పట్టు.

నేను వెళ్లిన ఆఫీసులో నిధుల్లేవన్నారు. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ అదే మాట. ఇంటికొచ్చి కాగితం పెట్టుకుని కూర్చున్నాను. మన తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కి 2021 నుంచి మొత్తం 7.5 శాతం. అందులో 5.5 స్టాంపు డ్యూటీ, 0.5 రిజిస్ట్రేషన్ ఫీజు, 1.5 ట్రాన్స్‌ఫర్ డ్యూటీ. ఈ చివరిది స్థానిక సంస్థకు చేరాల్సిన సొమ్ము. ఫ్లాటు 80 లక్షలనుకో, అది 1,20,000. తొమ్మిది వందల ఫ్లాట్లకి 10 కోట్ల 80 లక్షలు! ఒక్క మా గేటు లోపలి లెక్క ఇది. పైగా ఎత్తైన భవనాలకు బిల్డరు కట్టే సిటీ లెవెల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు ఉంది, అదీ మన ఫ్లాటు ధరలోంచే పోతుంది. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) కట్టిన మా తమ్ముడి ప్లాటు సరేసరి, ఓపెన్ స్పేస్ లేని లేఅవుటని విలువలో 14 శాతం అదనంగా కట్టించుకున్నారు. ఇంటింటికీ ఇన్ని రకాలుగా కట్టాక, ఇళ్ల పక్కన రోడ్డుకి మాత్రం డబ్బు లేదంటే ఎలా నమ్మను?

అప్పు తేవడం తప్పని నేననను. 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మింది, ఆ డబ్బు ఎస్‌ఆర్‌డీపీ అనే నగర రోడ్ల పథకం కింద కట్టే ఫ్లైఓవర్లకు వెళ్లింది. పెద్ద ఊరికి ఆస్తిపన్ను ఉంది కాబట్టి మార్కెట్లో అప్పు పుట్టింది. నిన్నమొన్నటి పంచాయతీకి ఎవరిస్తారు? ఇంకోటి చూడు. కోకాపేటలో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ముందు వెడల్పాటి రోడ్లు వేసి, తర్వాత వేలం పెట్టింది. 2023 ఆగస్టులో ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పోయింది, 45 ఎకరాలకు 3,300 కోట్లు దాటింది. రోడ్డు ముందొస్తే భూమి ధర ఎంత పెరుగుతుందో తెలుస్తోంది కదా. ఆ పెరుగుదలలో కొంత పక్క ఊళ్ల రోడ్లకు కేటాయిస్తే మాలాంటి వాళ్ల బాధ తీరేది.

ఇక అమెరికాలో మీ ఫ్రిస్కో సంగతి. ఇళ్లు రాకముందే ఖాళీ పొలాల మధ్య ఆరు వరసల రోడ్డు చూసి ఆశ్చర్యపోయానని నువ్వు చెప్పినప్పటి నుంచీ అదే నా తలలో తిరుగుతోంది. 2000 జనాభా లెక్కల్లో 33 వేలున్న ఊరు 2020కి 2 లక్షలైంది, మా ఊరి పెరుగుదల కూడా అలాంటిదే. మీ టెక్సాస్ లోకల్ గవర్నమెంట్ కోడ్‌లో 395వ అధ్యాయం చదివాను. 1987 నాటి చట్టం. ఏయే రోడ్లు వేస్తారో ముందు జాబితా రాయాలి, ఆ లెక్క మీదే కొత్త ఇంటికి ఫీజు కట్టాలి. రోడ్డు ఫీజుకి ఒక్కో పరిధి ఆరు మైళ్లు మించకూడదు, అందులో వసూలైంది అందులోనే ఖర్చు పెట్టాలి. పదేళ్లలో ఖర్చు పెట్టకపోతే వెనక్కివ్వాలి! ఆ చివరి మాట దగ్గర ఆగి మూడుసార్లు చదివాను. ఫీజులు మనకూ ఉన్నాయి బావా, లేనిది ఆ గడువు, ఆ హద్దు. ఒకసారి ఖజానాలో పడ్డాక మన రూపాయి ఏ ఊరు వెళ్లిందో చెప్పే నాథుడు లేడు.

అందుకని మేం పదిమందిమి కలిసి వినతిపత్రం రాస్తున్నాం. మూడే కోరికలు. మా ప్రాంతంలో వసూలైన ఇంపాక్ట్ ఫీజు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ విడి ఖాతాలో వేసి ప్రతి ఏడూ లెక్క బయటపెట్టాలి. రోడ్డు మెయిన్ రోడ్డుదాకా పూర్తి వెడల్పుతో కలిసేవరకూ కొత్త టవర్లకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (జనం చేరొచ్చనే అనుమతి) ఇవ్వకూడదు. ఎర్ర గుర్తు పడిన ఇళ్లవాళ్లకు ముందు డబ్బిచ్చి, ఆ తర్వాతే గోడ ముట్టుకోవాలి. రెండోదానికి మా కమ్యూనిటీలోనే గొడవైంది. పక్క టవర్లో ఫ్లాటు కొని ఈఎంఐ, అద్దె రెండూ కడుతున్న ఒకాయన లేచి, "మేం కట్టేదెవరు కడతారు" అన్నాడు. ఆయన బాధలో న్యాయముంది. ఇప్పటికే అమ్మేసిన టవర్లను వదిలి, ఇకమీదట అనుమతి అడిగేవాటికి పెడదామని మార్చాం.

నువ్వో పని చెయ్యి. మీ ఊరి రోడ్డు ఇంపాక్ట్ ఫీజు పట్టిక, ఆ రోడ్ల జాబితా పంపు. వినతిపత్రానికి జతచేస్తాం. ఆదివారం అవ్వ దగ్గరికి వెళ్లి పట్టా కాగితాలు ఫొటోలు తీసుకోవాలి, లాయరు చూస్తానన్నాడు. వెళ్లేటప్పుడు కప్పు మీదికి ఒక టార్పాలిన్ కూడా పట్టుకెళ్తాను. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ బావ