బెల్లింగర్ నదిలో దిగేముందు

సంపాదకులకు,

ఆస్ట్రేలియా అనగానే మన పత్రికల్లో కంగారూలు, కొఆలాలే కనిపిస్తాయి. న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరంలోని బెల్లింగర్ నది గురించీ పాఠకులకు తెలియాలి. డోరిగో పీఠభూమి వైపు కొండల్లో పుట్టి, బెల్లింగెన్ ఊరి పక్కగా తూర్పుకు పారి, ఉరుంగా దగ్గర కలాంగ్ నదిని కలుపుకుని సముద్రంలో పడుతుంది. చిన్న నదే. ఇది గుంబేంగిర్ ఆదివాసుల నేల. 1840ల నుంచి రెడ్ సీడర్ కలప కోసం వచ్చినవాళ్లు ఆ లోయలో చెట్లు నరికారు, ఆ తర్వాత అక్కడ పశువుల బీళ్లు వెలిశాయి. వేళ్ల పట్టు లేని గట్టు వరదకు కోసుకుపోతుంది. ఆ మట్టంతా మడుగుల్లో పేరుకుంటుంది.

బెల్లింగర్ స్నాపింగ్ తాబేలు బతికేది ఆ మడుగుల్లోనే. ఈ నది పరీవాహక ప్రాంతం బయట అది సహజంగా ఎక్కడా లేదు. 2015 ఫిబ్రవరిలో ఈ తాబేళ్లు కళ్లు వాచి, చూపు పోయి, వెనక కాళ్లు పడిపోయి ఒడ్డున చనిపోతూ కనిపించాయి. 400కు పైగా పోయాయి. కారణం నిడోవైరస్ అనే తెగకు చెందిన, అంతకుముందు ఎవరూ చూడని ఒక వైరస్. పెద్దవే ఎక్కువగా చచ్చిపోయి పిల్లలు మిగిలాయి. అసలు దెబ్బ అక్కడే తగిలింది: ఈ పిల్లలు గుడ్లు పెట్టే వయసుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఈలోగా పెట్టిన కొద్ది గుడ్లనూ నక్కలు తవ్వి తినేస్తాయి. బయటి నుంచి వచ్చి చేరిన ముర్రే తాబేలు వీటితో జతకట్టడంతో జాతి కలగాపులగమవుతోంది.

రోగం సోకని కొన్ని తాబేళ్లను అప్పుడే ఎగువ నుంచి తీసుకెళ్లారు. సిడ్నీలోని టరోంగా జూలో వాటికి పుట్టిన పిల్లలను 2018 నుంచి నదిలో వదులుతున్నారు. మంచి పని. అయితే గట్టు వెంబడి కంచె వేసి పశువులను ఆపి, స్థానిక చెట్లు నాటకపోతే ఆ పిల్లలకు మిగిలేది పూడిన మడుగులే.

సెలవులకు అటు వెళ్లే తెలుగువారికి ఒక విన్నపం. ఇంకో నదిలో వాడిన పడవ, తెడ్లు, చెప్పులు, వలలను అలాగే తెచ్చి ఇక్కడ దించకండి. ముందు బురద, నాచు గీకేయండి. తర్వాత సబ్బునీళ్లతో కడిగి, లోపలి మూలల్లో కూడా తడి లేకుండా ఎండబెట్టండి. పైకి ఆరినట్టున్నా, చెప్పుల అడుగు గాడుల్లో ఇరుక్కున్న తడి బురదతోనే రోగాలూ కలుపు గింజలూ నది మారతాయి. పెంపుడు తాబేలును ఎంత చిన్నదైనా ఇందులో వదలకండి. కళ్లు వాచిన తాబేలు కనిపిస్తే ముట్టుకోకుండా, వేరే చోటికి మార్చకుండా, ఫోటో తీసి ఆ చోటు గుర్తుపెట్టుకుని వన్యప్రాణులను చూసే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్‌కు వెంటనే చెప్పండి.

– ఒక పాఠకుడు, న్యూ సౌత్ వేల్స్