బోర్డు మీద రిజిస్ట్రేషన్ నంబరేది?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఇంటర్ కాలేజీ వాళ్లు కౌన్సెలింగ్ సెంటర్ తెరిచారని ఫొటోతో సహా వేశారు. రిబ్బన్ కత్తిరించినాయన్ని ‘ప్రముఖ సైకాలజిస్టు’ అన్నారు. ఆయన ఏం చదివారు, ఎక్కడ చదివారు, ఏ రిజిస్టరులో ఉన్నారు అన్న ముక్క మాత్రం వార్తలో లేదు. ఇంట్లో పెళ్లి పనుల్లో పడి వెంటనే రాయలేకపోయాను గానీ, ఆ వార్త చదివిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. డాక్టరు గురించి రాస్తే ఎంబీబీఎస్సో ఎండీయో రాస్తారు. మనసుకు సంబంధించిన పని చేసేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ‘ప్రముఖ’ ఒక్కటీ సరిపోతుందా?

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం, ఏ సెంటర్లో నిలబడినా ఇప్పుడు ఒక ఫ్లెక్సీ కనబడుతుంది. చదువు మీద ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, భార్యాభర్తల గొడవలు, మందు మాన్పించడం, నిద్ర పట్టకపోవడం, పెళ్లి కుదరకపోవడం, అన్నీ ఒకే మనిషి చూస్తాడట. ఫొటోలో మెళ్లో స్టెతస్కోపు కూడా ఉంటుంది. సైకాలజిస్టుకు స్టెతస్కోపుతో ఏం పని? నేను ఒక బంధువుతో కలిసి అలాంటి ఒక చోటికి వెళ్లాను. గోడ నిండా ఫ్రేములే. దగ్గరికెళ్లి చదివితే ఒకటి మూడు రోజుల వర్క్‌షాపుకు హాజరైనట్టు, ఇంకొకటి ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేసినట్టు, మూడోది ఏదో క్లబ్బు వాళ్లు శాలువా కప్పినప్పుడు ఇచ్చిన ప్రశంసాపత్రం. యూనివర్సిటీ డిగ్రీ ఒక్కటీ లేదు. లోపలికి వెళ్లాలంటే మాత్రం ముందు ఫోన్‌పే చేయాలి.

మందుల షాపు పెట్టాలంటే రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండాలి, లైసెన్సు గోడకు కనబడాలి. జలుబు మాత్ర అమ్మేవాడికి ఉన్న కట్టుబాటు, చావాలనిపిస్తోందని చెప్పుకునే పిల్లవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకునే మనిషికి ఎందుకు లేదు?

చట్టాలు లేక కాదు. వికలాంగుల పునరావాస రంగంలో పనిచేసే నిపుణుల చదువును, నమోదును చూసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం 1992లోనే వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టు, అంటే మానసిక జబ్బులున్నవాళ్లకు పరీక్షలు చేసి థెరపీ ఇచ్చే సైకాలజిస్టు, అనిపించుకోవాలంటే ఆ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చదివి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరెక్కించుకుని నంబరు తెచ్చుకోవాలి. రిజిస్టరులో లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ వెయ్యి రూపాయలు ఏ కాలం నాటివో చూడండి. మన దగ్గర ఒక్క సిట్టింగుకు అంతకంటే ఎక్కువ వసూలు చేసేవాళ్లున్నారు. జైలు సంగతి సరేసరి, మా చుట్టుపక్కల ఈ సెక్షన్ కింద ఒక్క కేసు పెట్టారన్న మాట కూడా నా చెవిన పడలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా స్పష్టంగా చెప్పింది. క్లినికల్ సైకాలజిస్టు అంటే సైకాలజీలో పీజీ, ఆపైన రోగుల మధ్య పర్యవేక్షణలో శిక్షణతో కూడిన రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎం.ఫిల్., లేదా రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన అర్హత. వీళ్లను నమోదు చేసే బాధ్యతను రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ మీద పెట్టింది. మరి ఎం.ఎ. సైకాలజీ చదివి స్కూళ్లలో, ఆస్పత్రుల్లో, సంస్థల్లో పనిచేసే మిగతా సైకాలజిస్టులు, కౌన్సెలర్లు? వాళ్లనూ, డాక్టర్లు, నర్సులు కాని ఇతర వైద్య వృత్తులవాళ్లనూ కలిపి 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది. ఆరు నెలల్లో రాష్ట్రాలు కౌన్సిళ్లు పెట్టాలన్నారు. మూడేళ్లయినా కదలిక లేకపోతే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కలగజేసుకుని రెండు నెలల్లో అమలు చేయమని చెప్పాల్సి వచ్చింది. పార్లమెంటు చేసిన చట్టాన్ని అమలు చేయమని కోర్టు గడువు పెట్టాలా? మరి మన జిల్లాలో ఎవరైనా వెళ్లి, ఇదిగో ఈ రిజిస్టరులో ఫలానావారి పేరుందా అని చూసుకునే చోటు ఏదో ఒక్క అధికారి చెప్పమనండి.

నేను అడిగి చూశాను కనుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. సోమవారం గ్రీవెన్స్‌లో కాగితం పెడితే ఆరోగ్య శాఖకు పంపారు. వాళ్లు ఇది వికలాంగుల సంక్షేమం వాళ్లు చూడాలన్నారు. వాళ్లేమో రిజిస్టరు ఢిల్లీలో ఉంటుంది, మాకు సంబంధం లేదన్నారు. కాలేజీల సంగతి ఇంటర్ బోర్డు చూసుకుంటుందట. తీరిగ్గా కూర్చుని చదివితే గాని నాకు అర్థం కాలేదు: రిహాబిలిటేషన్ కౌన్సిల్ సామాజిక న్యాయ శాఖ కింద, మిగతా రెండు చట్టాలూ ఆరోగ్య శాఖ కింద ఉన్నాయి. అందుకే ఎవరికి వాళ్లు చేతులు దులుపుకుంటున్నారు. రేషన్ కార్డు దగ్గర్నుంచి పొలం సర్వే దాకా మన ఆఫీసుల్లో ఇదే వరస. ఫైలు పక్క టేబుల్‌కు తోసేస్తే పని అయిపోయినట్టే. కానీ ఇక్కడ ఫైలు వెనక ఉన్నది పదహారేళ్ల పిల్లలు.

2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలామందికి గుర్తుండే ఉంటుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి మరణం కేసులో ఇచ్చిన తీర్పు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక్క అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టాలని, వాళ్లకు పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉండాలని కోర్టు చెప్పింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయొద్దనీ, నలుగురిలో అవమానించొద్దనీ చెప్పింది. చాలా మంచి తీర్పు. కానీ ఆ అర్హతను ఎవరు చూస్తున్నారు?

మా వీధిలో ఒకమ్మాయి ఉంది. తల్లి కువైట్‌లో ఇంటి పనికి వెళ్లింది, అమ్మమ్మే పెంచుతోంది. రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్చారు. వీక్లీ టెస్టుల్లో మార్కులు తగ్గి, రాత్రిళ్లు నిద్ర పట్టక, అక్కడి కౌన్సెలర్ మేడం దగ్గరికి వెళ్లి ఈ గ్రూపు నావల్ల కావడం లేదు, అమ్మకు చెప్పాలంటే భయంగా ఉందని చెప్పుకుంది. ఆ సాయంత్రం స్టడీ అవర్లో వార్డెన్ పిల్లను అందరి ముందూ నిలబెట్టి, ‘మీ అమ్మ పరాయి దేశంలో అంట్లు తోముతోంది నువ్వు ఎంపీసీ వద్దనడానికా?’ అని అడిగింది. పిల్ల ఇంటికొచ్చేసి అన్నం ముట్టడం మానేసింది. అమ్మమ్మ నా దగ్గరికొచ్చి, ‘టీచరుగారండీ, కడుపులో మాట ఒకళ్లకి చెప్పుకుంటే ఇలా బజారున పెడతారాండీ?’ అని ఏడ్చింది. ఆ కౌన్సెలర్ ఎవరా అని కనుక్కుంటే, కిందటేడాది దాకా అదే కాలేజీ అడ్మిషన్ల కోసం ఊళ్లమ్మట తిరిగిన పీఆర్వో!

మానసిక ఇబ్బందితో వచ్చినవాళ్లు చెప్పింది గోప్యంగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది. ప్రాణం మీదికొచ్చే సందర్భాలకు మినహాయింపులున్నాయి, అవి అవసరమే. నిద్ర పట్టడం లేదన్న మాట వార్డెన్‌కు మోయడం ఏ మినహాయింపులోకీ రాదు. ఇది శిక్షణలో మొదట నేర్పే విషయం. శిక్షణే లేని మనిషికి ఎలా తెలుస్తుంది? ఆ పీఆర్వోను తప్పుపట్టి లాభం లేదు, కుర్చీలో కూర్చోబెట్టిన యాజమాన్యాన్ని అడగాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా దూరపు బంధువుల అబ్బాయి డిప్రెషన్‌కు సైకియాట్రిస్టు రాసిన మాత్రలు వాడుతూ కాస్త తేరుకుంటున్నాడు. ఎవరో చెప్పారని ‘మైండ్ పవర్’ కేంద్రానికి తీసుకెళితే, ఈ మందులన్నీ విషం, మానేయండి, నా సిట్టింగులు చాలు అన్నాడట ఆయన. ఒక్కసారిగా ఆపేశారు. నెల తిరక్కుండా పిల్లవాడు మళ్లీ మంచం పట్టాడు. సైకియాట్రిస్టు మందులు రాసే డాక్టరు. సైకాలజిస్టు మాట్లాడి, పరీక్షలు చేసి, థెరపీ ఇచ్చే మనిషి. చదువుకున్న సైకాలజిస్టు ఎవరూ డాక్టరు రాసిన మందు ఆపేయమని చెప్పరు, డాక్టరు దగ్గరికే తిరిగి పంపిస్తారు.

నిజంగా చదువుకున్నవాళ్ల గతి చూస్తే ఇంకా కడుపు మండుతుంది. మా అన్నయ్య కూతురు ఎం.ఎ. చేసి, ఇంటికి దూరంగా ఉండి రెండేళ్ల క్లినికల్ ఎం.ఫిల్. చేసింది. ఆస్పత్రి వార్డుల్లో పగలంతా కేసులు చూసి రాత్రి రిపోర్టులు రాసుకునేది. రిజిస్టరు నంబరుంది, దాన్ని అయిదేళ్లకోసారి రెన్యువల్ కూడా చేయించుకోవాలి. ఇక్కడికొచ్చి గది తీసుకుంటే, పక్క వీధి ఫ్లెక్సీ ఆయన మూడు సిట్టింగుల్లో నయం చేస్తానంటున్నాడు, మీరేంటండీ నెలల తరబడి రమ్మంటున్నారు అంటారు జనం. ఆ పిల్ల అలా అబద్ధం చెప్పలేకపోయింది. చివరికి బెంగళూరు వెళ్లిపోయింది. ఆ ఎం.ఫిల్. కోర్సు కూడా ఎత్తేస్తున్నారు, యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2025-26 వరకే అనుమతి పొడిగించింది. 2025 నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ కోర్సుల్ని ఆపేయమన్నారు. ప్రమాణాలు పెంచడం మంచిదే. కానీ కాలేజీలో సీట్లు పెంచకుండా, చదివినవాళ్లకు పోస్టులు ఇవ్వకుండా ఒక పక్క తలుపులు మూస్తూ పోతే, రెండో పక్క ఫ్లెక్సీల వాళ్లకే మేలు. ఎం.ఫిల్. లేని ప్రతివాళ్లూ మోసగాళ్లని నేను అనడం లేదు. ఎం.ఎ. చదివి నిజాయితీగా పనిచేసే కౌన్సెలర్లున్నారు. వాళ్లకు ఒక రిజిస్టరు, ఒక గుర్తింపు ఇవ్వకపోవడం వల్లనే వాళ్లనూ మూడు రోజుల వర్క్‌షాపు వాళ్లనూ జనం ఒకే గాటన కడుతున్నారు.

2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పన్నెండు రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదని కూడా ఆ సర్వేలో తేలింది. ఆ ఖాళీలోకే ఈ బోర్డులన్నీ వచ్చి చేరుతున్నాయి. మానసిక ఇబ్బందుల గురించి ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 ఉందని లంక గ్రామాల్లో ఎంతమందికి తెలుసు? ఫ్లెక్సీ ఉన్న ప్రతి సెంటర్లోనూ ఆ నంబరు రాయించడానికి పంచాయతీకి ఎంత ఖర్చవుతుంది?

మీ పత్రికకు నా మనవి ఒకటే. సైకాలజిస్టు అని ఎవరి పేరు వేసినా, ప్రకటన తీసుకున్నా, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి వేయండి. లేనివాళ్ల పేరు పక్కన ఆ మాట వేయకండి.

జిల్లా కలెక్టర్లకు, ఇంటర్ బోర్డు అధికారులకు కూడా మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ హాస్టళ్లలో పిల్లల టెన్షన్ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఆ లోపే ప్రతి కాలేజీ నుంచి కౌన్సెలర్ పేరు, చదువు, నంబరు తెప్పించండి. ఆ జాబితాను కాలేజీ నోటీసు బోర్డులోనూ గ్రామ సచివాలయంలోనూ తల్లిదండ్రులు చదువుకునేలా తెలుగులో పెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
అమలాపురం