నా నోటుపుస్తకం దిద్ది పంపిన మాస్టారికి, మరో ముగ్గురికి

చంద్రగిరి కోట గేటు పక్కన తోపుడుబండి మీద ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మే అమ్మకు, ఆ సాయంత్రం ఆమె బండి దగ్గరికి వచ్చిన పెద్దాయనకు, ఆయన చేతి నుంచి నా పుస్తకం అందుకుని తిరుపతి దాకా తెచ్చిన ఆటో అన్నకు, మా అక్క ఉండే సందు మొదట్లో పాలబూత్ నడిపే బాబాయికి నమస్కారం. మీ నలుగురిలో ఇద్దరిని చూశాను, ఇద్దరిని చూడలేదు. ఒక్కరి పేరూ అడిగి తెలుసుకోలేకపోయాను. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. చంద్రగిరి వైపు వాళ్లెవరైనా ఇది చదివితే, ఆ శనక్కాయల బండి దగ్గర ఆగి ఒకసారి వినిపించండి. పొట్లం కూడా కొనండి.

విషయం చిన్నదే. ఒక నోటుపుస్తకం పోయింది, మర్నాడు దొరికింది. అయితే పోయినప్పుడు ఎలా ఉందో అలా మాత్రం తిరిగి రాలేదు.

మాది రాజమహేంద్రవరం. నేను బీఏ చరిత్ర రెండో సంవత్సరం. అక్క తిరుపతిలో నర్సుగా చేరి రెండేళ్లయింది. పండక్కి రమ్మన్నప్పుడల్లా సెలవు లేదంటుంది, ఆ వెంటనే ‘నువ్వే రావచ్చుగా’ అంటుంది. తిరుపతి అంటే మా ఇంట్లో కొండ, గుండు, లడ్డూ. తెల్లవారుజామున దిగడం, దర్శనం కాగానే రైలెక్కడం. కొండ కింద ఒక ఊరుందని, దానికి దాదాపు తొమ్మిది వందల ఏళ్ల చరిత్ర ఉందని మావాళ్లెవరూ పట్టించుకోలేదు. ఈ కార్తీకమాసంలో నాలుగు రోజుల సెలవులు కలిసొస్తే, ఊరు చూడటానికే వెళ్లాను. సెమిస్టరు ప్రాజెక్టుకు చంద్రగిరి తీసుకున్నాను కాబట్టి అమ్మ కూడా అడ్డు చెప్పలేదు.

అక్కకు రాత్రి డ్యూటీ, స్టేషన్‌కు రాలేనంది. ఫోనులో దారి చెబుతుంటే నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. ‘లీలామహల్ సర్కిల్ దాటాక పాలబూత్. పక్క సందు. వేపచెట్టు. నీలం గేటు. కుక్క ఉంటుంది, అరవదు. మేడ మీద ఎడమ గది.’ ఇంటి నంబరు లేదు, వీధి పేరు లేదు. అక్క దారి చెప్పే పద్ధతే అంత. చిన్నప్పటి నుంచీ చెట్లను, కుక్కలను గుర్తుపెట్టుకుంటుంది కానీ అంకెలు పెట్టుకోదు. ఇంజెక్షను మోతాదులు ఎలా గుర్తుపెట్టుకుంటుందో అని నాకు బెంగ.

మొదటి రోజు సాయంత్రం గోవిందరాజస్వామి గుడి చూశాం. చిదంబరం నుంచి వచ్చిన గోవిందరాజస్వామిని రామానుజాచార్యులు ఇక్కడ ప్రతిష్ఠించి, గుడి చుట్టూ ఊరు వెలిసేలా చేశారని చెబుతారు. ఆ తేదీ 1130 ఫిబ్రవరి 24. 2022 నుంచి ఆ రోజున తిరుపతికి పుట్టినరోజు కూడా చేస్తున్నారు. ఏడంతస్తుల బయటి గోపురాన్ని తల వెనక్కి వాల్చి చూస్తూ నిలబడితే, వెనక నుంచి ఒకావిడ ‘జరుగు పాపా’ అంది. మా వైపు పాప అంటే పాలు తాగే పిల్ల. ఇరవై ఏళ్ల దాన్ని పట్టుకుని పాప అంటుందేమిటని మూతి ముడుచుకున్నాను. ఇక్కడ ఆడపిల్ల ఎంత పెద్దదైనా పాపేనని అక్క తర్వాత చెప్పింది. వెళ్లొచ్చేసరికి ఆ పిలుపు అలవాటైపోయింది. ఇప్పుడు ఇంట్లో ఎవరూ అలా పిలవడం లేదని వెలితిగా ఉంది.

రెండో రోజు శుక్రవారం, చంద్రగిరి మ్యూజియానికి సెలవు. అక్కకూ ఆ రోజే సెలవు. ఇద్దరం శ్రీవారి మెట్టు దారిన కొండెక్కాం. 2,388 మెట్లు. లెక్కపెడుతూ ఎక్కుదామని పందెం వేసుకున్నాం. ఆరు వందల దాకా లెక్క సరిగ్గానే ఉంది, తర్వాత అక్క ఆస్పత్రి కబుర్లు మొదలుపెట్టింది. గుడిలో రాణులిద్దరితో చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల కంచు విగ్రహాన్ని తీరిగ్గా చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. జనం తోపులో ఆయన పొడవాటి కుళ్లాయి మాత్రం కనిపించింది. ‘రాయల కుళ్లాయి చూశాను’ అని పుస్తకంలో నిజాయితీగా రాసుకున్నాను.

శనివారం అక్క డ్యూటీకి వెళ్లింది. చిత్తూరు వైపు బస్సెక్కి ఒక్కదాన్నే చంద్రగిరిలో దిగాను. 1565లో తళ్లికోట యుద్ధంలో దెబ్బ తిన్నాక విజయనగర రాజులు పెనుకొండకు, ఆ తర్వాత ఇక్కడికి వచ్చారు. చదువుకున్నప్పుడు అది ఒక వాక్యం. మూడంతస్తుల రాజమహల్ ముందు నిలబడితే మాత్రం, అంత పెద్ద రాజ్యం నడిపినవాళ్లు ఈ కొండ చాటున ఇల్లు కట్టుకుని సర్దుకున్నారా అనిపించి మనసు అదోలా అయింది. వెనక నల్లటి బండరాళ్ల కొండ, పక్కన రెండంతస్తుల రాణీమహల్. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల గోడల దగ్గర కుండలో నీళ్లంత చల్లగా ఉంది. రెండు గంటలు చెట్టు కింద కూర్చుని కమానులు లెక్కపెడుతూ బొమ్మ వేశాను. మధ్యలో ఫోను ఆగిపోయింది. కాబట్టి ఆ రోజు చూసినదంతా పుస్తకంలోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

బయటికి రాగానే ఆకలి. ‘పల్లీలు ఇవ్వండి’ అంటే ఆ అమ్మ ‘శనక్కాయలా పాపా?’ అని పొట్లం కట్టింది. చేతులు తడి అయ్యాయని పుస్తకాన్ని బండి మీద పెట్టాను. సగం తిన్నానో లేదో తిరుపతి బస్సు కనిపించింది. పరుగెత్తాను. పుస్తకం మరిచిపోయాను. ఇంకో సంగతి కూడా ఉంది, అది చివర చెబుతాను.

నీలం గేటు తీస్తూ చంక కింద చూసుకుంటే ఖాళీ. అప్పటికి చీకటి పడింది. బస్సులో పడేశానేమోనని ఒకచోటికి వెళ్లి అడిగితే, అక్కడ కూర్చున్నాయన తల ఎత్తకుండానే ‘నోటుపుస్తకమేగా, కొత్తది కొనుక్కో’ అన్నాడు. అది ఎక్కడో, ఆయన ఎవరో రాయను. ఆ మాట విన్నాక మాత్రం మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆదివారం తెల్లవారగానే మళ్లీ చంద్రగిరి వెళ్లాను. కోట ఇంకా తెరవలేదు, బండి లేదు. తొమ్మిదిన్నర దాకా చూసి వెనక్కి తిరిగాను. ఆ సమయానికి నా పుస్తకం ఆటోలో తిరుపతి వైపు వెళుతోందట. దారిలో ఎక్కడో మేమిద్దరం ఎదురెదురుగా వచ్చి దాటుకునే ఉంటాం.

సందు మొదట్లోకి రాగానే పాలబూత్ బాబాయి కేకేశారు. ‘పాపా, అరవని కుక్క ఉన్న ఇల్లు మీదేనా?’

ఆయన నవ్వు ఆపుకుంటూ చెప్పిన కథ ఇది. కపిలతీర్థానికి జనాన్ని తీసుకొచ్చిన ఆటో ఆయన, వాళ్లను గుడి దగ్గర దింపి, నా మొదటి పేజీ పట్టుకుని సందులో ఒక్కో గేటు చూసుకుంటూ వచ్చారట. మా సందులో నీలం గేట్లు మూడున్నాయి. వేపచెట్టు ముందున్నది చూసి ఇదేననుకుని చెయ్యి వేశారట. ఎన్నడూ నోరు విప్పని ఆ కుక్క సరిగ్గా అప్పుడే ఊరంతా లేచేలా అరిచిందట. ‘అరవదు’ అని రాసి ఉంది కాబట్టి ఈ ఇల్లు కాదని ఆయన ముందుకు వెళ్లిపోయారు. సందు చివరి దాకా వెళ్లి, తిరిగొచ్చి, పాలబూత్‌లో అడిగారు. బాబాయి మేడ వైపు కేకేశారు కానీ, రాత్రి డ్యూటీ చేసి పడుకున్న మా అక్కను లేపడం కుక్క వల్ల కూడా కాలేదు, ఇక బాబాయి వల్ల ఏమవుతుంది? ఆటో ఆయన పుస్తకం ఇచ్చి, ఇచ్చిన టీ సగం తాగి, గుడి దగ్గర తన కోసం చూస్తుంటారని వెళ్లిపోయారు. డబ్బులు తీసుకోలేదు. అన్నా, ఆ కుక్క తరఫున కూడా క్షమాపణలు.

పుస్తకం పాల ట్రేల మీద ఉంది, మంచు తగలకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి. తెరిచి చూస్తే పేజీ పేజీకీ పెన్సిలు గీతలు.

చివరి పేజీలో ఇలా ఉంది: ‘శనక్కాయలమ్మ ఇచ్చింది. నువ్వు తిరిగొస్తావని చీకటి పడేదాకా బండి కదపలేదు. చదువుకునే పిల్ల పుస్తకం మంచులో తడుస్తుందని నా చేతిలో పెట్టింది. చిరునామా కోసం తిరగేశాను. చిరునామా లేదు కానీ తప్పులు కనిపించాయి. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పిన చెయ్యి, ఊరుకోలేకపోయింది. ఏమీ అనుకోకు.’ సంతకం లేదు. ‘విశ్రాంత ఉపాధ్యాయుడు’ అని మాత్రం ఉంది.

మాస్టారూ, మీ దిద్దుబాట్లు ఇక్కడ కొన్ని రాస్తాను, నా పరువు పోయినా సరే.

‘రాజమహల్ పైకప్పులకు టేకు దూలాలు వాడి ఉండవచ్చు’ అని రాశాను. మీరు దాన్ని అడ్డంగా కొట్టేసి, ‘రెండు గంటలు కూర్చుని ఏం చూశావు? రాయి, ఇటుక, సున్నం. కర్ర ముక్క వాడలేదు’ అన్నారు. ఇంటికొచ్చాక నా బొమ్మే మళ్లీ చూశాను. దూలం ఎక్కడా గీయలేదు. చెయ్యి చూసినది బుర్ర చూడలేదన్నమాట.

‘1640లో చంద్రగిరి రాజు ఇంగ్లీషువాళ్లకు మద్రాసు ఇచ్చాడు’ అన్న చోట 1640ని 1639 చేశారు. పక్కన, ‘ముందు ఇచ్చినది ఆ ప్రాంతాన్ని ఏలిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు, ఆగస్టులో. చంద్రగిరి ప్రభువులు తర్వాత ఖాయపరిచారు. ఇచ్చినవాడు వేరు, ఔనన్నవాడు వేరు’ అని రాశారు. ఈ ఒక్క వాక్యంతో నా ప్రాజెక్టులో మూడో అధ్యాయం మారిపోయింది.

‘కృష్ణదేవరాయలు చిన్నతనంలో ఇక్కడ ఉన్నారు’ అన్న వాక్యం చివర చిన్న బాణం గుర్తు వేసి ‘అంటారు’ అని చేర్చారు. గోవిందరాజస్వామి గోపురం దగ్గర నేను ‘ఎవరు కట్టించారో కనుక్కోవాలి’ అని వదిలేసిన ఖాళీలో ‘మట్లి అనంతరాజు’ అని నింపారు. ‘మండపం’ అని ఒకచోట, ‘మంటపం’ అని ఇంకోచోట రాస్తే, ‘రెండూ ఒప్పే. ఏదో ఒకటి పట్టుకో’ అన్నారు. రాయల కుళ్లాయి దగ్గర మాత్రం ఏమీ దిద్దలేదు, చిన్న టిక్కు పెట్టారు.

ఒక్కటి ఒప్పుకోను. ‘రాజమహల్ గర్వంగా నిలబడి ఉంది’ అన్న మాట కింద రెండు గీతలు గీసి, ‘భవనాలకు గర్వం ఉండదు’ అని రాశారు. ఆ మధ్యాహ్నపు ఎండలో మీరు నా పక్కన లేరు మాస్టారూ. ఉంది. ఆ వాక్యం అలాగే ఉంచాను.

బొమ్మకు పదికి ఎనిమిది, రాతకు పదికి అయిదు వేశారు. శనక్కాయల నీళ్ల మరక పడిన పేజీ దగ్గర ‘తుడిచి చూశాను, పోలేదు’ అని రాశారు. అన్నిటికన్నా నాకు కన్నీళ్లు తెప్పించినది అదే.

చివరికి ఇంకో వాక్యం: ‘గుడిమల్లం చూడకుండా చరిత్ర చదివానని చెప్పకు.’ ఏర్పేడు దగ్గరి గుడిమల్లం గుడిలోని శివలింగం క్రీస్తు పుట్టకముందుదని పాఠంలో చదివాను. తిరుపతి నుంచి అంత దగ్గరని తెలియదు. ఆ సాయంత్రమే నా రైలు. అక్క నిద్ర లేచి, అంతా విని, ‘చూశావా, నేను చెప్పిన దారి ఎంత బాగుందో, తెలియనివాళ్లు కూడా వచ్చేశారు’ అంది.

ఇప్పుడు ఆ దాచిన సంగతి. అమ్మా, బస్సు కోసం పరుగెత్తిన కంగారులో నీకు డబ్బులివ్వలేదు. రైలు ఒంగోలు దాటాక గుర్తొచ్చింది. ఇరవై రూపాయలు ఎగ్గొట్టి పోయిన పిల్ల పుస్తకానికి చీకటి పడేదాకా కాపలా కాశావు. మాస్టారితో కూడా ఆ మాట చెప్పినట్టు లేదు, చెప్పి ఉంటే ఆయన అది కూడా దిద్దేవారు.

ఫిబ్రవరి 24కు మళ్లీ వస్తున్నాను, ఊరి పుట్టినరోజుకు. అక్కతో గుడిమల్లం వెళ్లి, అక్కడి నుంచి చంద్రగిరి వస్తాం. మాస్టారూ, మీ పెన్సిలు పుస్తకం మడతలోనే ఉండిపోయింది, వెనక భాగం కొరికి ఉంది. శనక్కాయల బండి దగ్గర ఇచ్చి వెళతాను.