మనం రైలు మారే ఊరు: సంఘం వార్షిక నివేదిక

స్వీడన్‌లోని మన ఓరెబ్రో తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో పండగల లెక్క చెప్పి, చందాలు గుర్తుచేసి ముగించేవాళ్లం. ఈసారి పండగల సంగతి త్వరగా చెప్పేస్తాను. వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి బాగానే జరిగాయి. సంక్రాంతికి మంచు మీద ముగ్గులేశాం. తెల్ల మంచు మీద తెల్ల ముగ్గు కనపడదని వేశాకే తెలిసింది, తర్వాత పసుపు, కుంకుమ కలిపాం.

ఉగాది సంగతి మాత్రం వేరు. ఆ రోజు ఎక్కడో సిగ్నల్ పాడై, పంచాంగం చదవాల్సిన పెద్దాయన మనం రైలు మారే హాల్స్‌బెర్గ్ జంక్షన్ ప్లాట్‌ఫామ్ మీద రెండు గంటలు ఇరుక్కుపోయారు. ఇక్కడ ఓరెబ్రోలో మేం పులిహోర గిన్నెల ముందు కూర్చుని టెన్షన్ పడుతుంటే ఆయన ఫోన్ చేసి, "ఇంత చిన్న ఊరికి ఇన్ని పట్టాలెందుకు బాబూ?" అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. గోథెన్‌బర్గ్ వెళ్లాలన్నా, లిన్‌షోపింగ్‌లో చుట్టాలింటికి వెళ్లాలన్నా మనలో చాలామంది రైలు మారేది అక్కడే. అయినా స్టేషన్ దాటి బయట అడుగుపెట్టినవాళ్లు తక్కువ. అందుకే స్వీడన్ అలవాటు ప్రకారం ఒక స్టడీ సర్కిల్ పెట్టుకున్నాం. పాఠం చెప్పే మాస్టారు ఉండరు, పరీక్ష ఉండదు, నలుగురు కూర్చుని చదివి మాట్లాడుకోవడమే. తోడుగా ఫికా, అంటే కాఫీ, దాల్చినచెక్క బన్నులు. మన సర్కిల్‌లో జంతికలు కూడా చేరాయి.

మాకు తెలిసింది ఇది. సర్కారు మెయిన్ లైన్లు వేసే పని నిల్స్ ఎరిక్‌సన్ అనే ఇంజినీరు చేతిలో పెట్టారు. అమెరికాలో మానిటర్ యుద్ధనౌక కట్టిన జాన్ ఎరిక్‌సన్‌కు ఈయన అన్న. ఉన్న పట్నాలన్నిటినీ తాకుతూ పోవడం కంటే, రవాణా సౌకర్యం లేని లోపలి ప్రాంతాల మీదుగా లైను తీసుకెళ్లడమే మంచిదని ఆయన పద్ధతి. 1862 నవంబరు 4న స్టాక్‌హోం నుంచి గోథెన్‌బర్గ్ దాకా లైను మొత్తం తెరిచారు. పాత పట్నమైన మన ఓరెబ్రో ఆ దారిలో లేదు. ఇక్కడి నుంచి దక్షిణంగా దాదాపు 25 కిలోమీటర్లు వెళ్లి హాల్స్‌బెర్గ్ దగ్గర మెయిన్ లైనులో కలవాల్సి వచ్చింది. తర్వాత అటునుంచి మొటాలా మీదుగా మ్యోల్బీ వైపు మరో లైను పడింది. పొలాల మధ్య స్టేషన్‌కు నాలుగు దిక్కులా పట్టాలు వచ్చాక ఇంజన్ల పనివాళ్లు, గూడ్సు గుమాస్తాలు, హోటళ్లు, కొట్లు వాటంతటవే వచ్చాయి. డోర్నకల్, గుంతకల్ ఎరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

కొట్టు పెట్టుకున్నవాళ్లలో అడోల్ఫ్ బెర్యో ఒకరు. వ్యాపారం బాగా కలిసొచ్చింది. ఫెర్డినాండ్ బోబెరీ లాంటి పేరున్న ఆర్కిటెక్ట్‌తో ఊళ్లో ఇల్లు కట్టించారంటే ఎంత కలిసొచ్చిందో ఊహించుకోవచ్చు. ఆయన కూతురు కారిన్ 1859లో పుట్టింది మన ఓరెబ్రోలోనే, పెరిగింది హాల్స్‌బెర్గ్‌లో. చిత్రకారుడు కార్ల్ లార్సన్‌ను పెళ్లాడి, నేతపనిలో, ఇంటి అలంకరణలో తనకంటూ పేరు తెచ్చుకుంది. సుండ్‌బోర్న్‌లో వాళ్లు కాపురమున్న ప్రసిద్ధమైన ఇల్లు కూడా 1888లో ఈ కొట్టు నాన్నగారు ఇచ్చిందే. మేం జూన్‌లో వెళ్లి హాల్స్‌బెర్గ్ ఇల్లు చూశాం. స్టేషన్ ఊళ్లో ఇంత ముస్తాబైన ఇల్లు ఉంటుందని మాలో ఎవరూ అనుకోలేదు.

సర్కిల్‌లో ఎక్కువ చర్చ నడిచింది గడియారాల మీద. అప్పట్లో ప్రతి ఊరికీ సొంత టైము. స్టాక్‌హోంకూ గోథెన్‌బర్గ్‌కూ తేడా సుమారు 24 నిమిషాలు. రైళ్లన్నీ గోథెన్‌బర్గ్ టైము మీద నడిచేవి. అది పడమటి కొస కాబట్టి అక్కడి గడియారం అన్నిటికంటే వెనక. సొంత ఊరి గడియారం చూసుకుని బయల్దేరినవాళ్లు ముందే చేరతారు గానీ రైలు తప్పిపోదు. (మన ప్రోగ్రాములకు ఈ పద్ధతే పెడదామని ఒకరు ప్రతిపాదించారు, ఆ రోజు ఆయనే అరగంట ఆలస్యంగా వచ్చారు.) 1879 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకటే టైము. అందుకు ఆధారంగా తీసుకున్న రేఖాంశం స్టాక్‌హోం అబ్జర్వేటరీకి మూడు డిగ్రీలు పడమర, అంటే దాదాపు హాల్స్‌బెర్గ్ పక్క నుంచే పోతుంది. మన భారత కాలమానం రేఖ కాకినాడ దగ్గర నుంచి పోయినట్టు. మా సర్కిల్‌లోని కాకినాడ దంపతుల సంతోషం చెప్పనలవి కాదు.

1926లో మెయిన్ లైనుకు కరెంటు వచ్చి ఆవిరి ఇంజన్లు తగ్గాయి. ఊరు మాత్రం తగ్గలేదు, గూడ్సు దాన్ని నిలబెట్టింది. స్వీడన్‌లో అన్నిటికంటే పెద్ద మార్షలింగ్ యార్డు, అంటే గూడ్సు వ్యాగన్లను విడదీసి వెళ్లే చోటును బట్టి కొత్త రైళ్లుగా కూర్చే చోటు, హాల్స్‌బెర్గ్‌లోనే ఉంది. పెద్దాయన అడిగిన పట్టాలు అవే. ఇంజను వ్యాగన్ల వరుసను వెనక నుంచి నెట్టుకుంటూ చిన్న దిబ్బ ఎక్కిస్తుంది. దిబ్బ మీద కప్లింగ్ విడిపోయిన వ్యాగను ఇంజను లేకుండానే అవతలికి జారి, పాయింట్లు దారి మార్చినట్టల్లా తన లైనులోకి వెళుతుంది. కంచె బయట నిలబడి చూశాం. దుంగల వ్యాగను ఒకటి చప్పుడు లేకుండా వచ్చి, బ్రేకు పడగానే కీచుమని, చివర ధడేలుమని ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇంత జరిగినా హాల్స్‌బెర్గ్‌కు నగరం హోదా ఎప్పుడూ రాలేదు. 1908లో కోపింగ్ అయింది, మన లెక్కలో సంతపట్నం లాంటిది. 1971 సంస్కరణల్లో ఆ హోదాలే పోయాయి. ఊళ్లో ఇప్పుడు దాదాపు 8 వేల మంది. గోదాములు, వోల్వో వాళ్ల క్యాబిన్ ఫ్యాక్టరీ పని ఇస్తున్నాయి.

ఖాతాలు ఆడిటర్ చూశారు, పట్టిక విడిగా పంపాం. చందా కట్టనివాళ్లు ఎవరో వాళ్లకే తెలుసు. వార్షిక సమావేశంలో కొత్త కమిటీని ఎన్నుకోవాలి, కోశాధికారి పదవికి ఇంకా ఎవరూ ముందుకు రాలేదు.

పెద్దాయన ఈ ఉగాదికి కూడా వస్తానన్నారు. ఈసారి ఒక రైలు ముందు బయల్దేరి, హాల్స్‌బెర్గ్‌లో దిగి, యార్డు చూశాకే ఇటు వస్తారట. ఆయనతో వెళ్లదలచినవాళ్లు నాకు పేరివ్వండి. అక్కడ గాలి ఎక్కువ, ఉన్ని టోపీలు మరచిపోకండి.

మీ కార్యదర్శి