ఐదెకరాల నత్త గురించీ రాయండి

సంపాదకుల వారికి,

హిందూ మహాసముద్రం అడుగున రాగి, జింకు, బంగారం వెతకడానికి మన దేశం అంతర్జాతీయ సముద్ర అడుగున తవ్వకాలను నియంత్రించే సంస్థ అయిన అంతర్జాతీయ సీబెడ్ అథారిటీతో 2016లో ఒకటి, 2025లో కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణి కోసం ఇంకొకటి ఒప్పందాలు చేసుకుంది. ఒక్కోదాని కింద పదివేల చదరపు కిలోమీటర్లు. ఈ వార్తల్లో లోహాల విలువే కనబడుతుంది. ఆ లోహాలు పేరుకునే వేడినీటి బుగ్గల చుట్టూ బతికే పెల్టోస్పిరిడే కుటుంబపు నత్తల ఊసు అరుదు.

వాటిలో పొలుసుల పాదం నత్తను చూడండి. 2001లో కైరీ అనే బుగ్గ దగ్గర, దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతున దొరికింది. గుల్ల మహా అయితే నాలుగున్నర సెంటీమీటర్లు. పాదం చుట్టూ వందల పొలుసులు, పెంకుటింటి కప్పులా ఒకదాని మీదొకటి. గుల్లకు మూడు పొరలు: పైన 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఐరన్ సల్ఫైడ్ అనే ఇనుప ఖనిజం, నడుమ 150 మైక్రాన్ల మెత్తని సేంద్రియ పొర, లోపల 250 మైక్రాన్ల అరగోనైట్ అనే సున్నపు ఖనిజం. గాలి, తేమ తగిలితే ఆ పై పొర తుప్పు పడుతుంది. సాలిటైర్ అనే మరో బుగ్గ దగ్గర నీటిలో ఇనుము తక్కువ కాబట్టి అక్కడి నత్తలకు ఆ పొర ఉండదు, తెల్లగా ఉంటాయి.

అసలు విషయం దీని తిండి. అన్నవాహికకు ఆనుకుని ఉబ్బిన గ్రంథిలో బాక్టీరియా ఉంటుంది, బుగ్గ నీటిలోని హైడ్రోజన్ సల్ఫైడ్‌తో నత్తకు ఆహారం తయారుచేసేది అదే. ఆ గ్రంథికి రక్తం అందించడానికి గుండె శరీర పరిమాణంలో 4 శాతం దాకా పెరిగింది. నత్త సొంత జీర్ణకోశం మాత్రం కుంచించుకుపోయింది. కనుక తవ్వకపు యంత్రం బుగ్గ చుట్టూ ఖనిజం పేరుకుని ఏర్పడిన గొట్టాన్ని కోసి నీటి దారి మళ్లిస్తే నత్తకు వేరే తిండి లేదు. తవ్వినప్పుడు లేచే బురద మొప్పల మీద పడితే పక్క గుంపులకూ ముప్పే.

2019లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. లోతు సముద్రపు తవ్వకం ముప్పు కారణంగా ఆ జాబితాకెక్కిన మొదటి జీవి ఇదే. ఈ నత్త ఉంటుందని అప్పటికి తెలిసిన మూడు చోట్లూ కలిపి 0.02 చదరపు కిలోమీటర్లు, అంటే ఐదెకరాలు. తర్వాత కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ మీద కూడా కనబడింది. మన కొత్త ఒప్పందం సరిగ్గా ఆ వైపుదే.

చల్లారిపోయిన బుగ్గల్లోనూ ఖనిజం ఉంటుంది, ఈ నత్తలు మాత్రం అక్కడ బతకవు. కాబట్టి కొత్త బుగ్గ దొరికిందని వార్త వచ్చినప్పుడు మీ విలేకరులు రెండు ప్రశ్నలు తప్పక అడగాలి: అది ఇంకా పొంగుతున్నదా, చల్లారిందా? నమూనా తీసే ముందు వీడియోలో నత్తల గుంపులను లెక్కించారా?

– ఒక పాఠకుడు, విశాఖపట్నం