స్టోర్స్ దొంగతనం నింద తొలగింది: అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

మా స్టోర్స్ సహోద్యోగి మీద మోపిన సరుకు దొంగతనం అభాండం విచారణలో వీగిపోయింది. ఆయన మళ్ళీ డ్యూటీలో చేరారు. సాయపడినవారికి సెక్షన్ తరఫున పేరుపేరునా నమస్కారాలు. ఎవరేం చేశారో రాస్తే ఇంకొకరికి పనికొస్తుందని ఈ నాలుగు మాటలు.

యూనియన్ పెద్దాయనా, సంజాయిషీ అడిగే షోకాజ్ నోటీసు అందిన పూటే కోపంతో జవాబు రాయకుండా ఆపింది మీరే. ఏ తేదీ, ఏ షిఫ్టు, ఏ సరుకు, ఎంత తగ్గింది, ఆధారాలేమిటి అని అడుగుతూ, కాపీలు కోరుతూ, గడువు లోపలే ఉత్తరం ఇప్పించారు. సీసీటీవీ రికార్డింగు కొన్నాళ్ళకు చెరిగిపోతుంది కాబట్టి దాన్ని భద్రపరచమని అదే రోజు విడిగా రాయించారు. "తగ్గినదాని డబ్బు కట్టేస్తే గొడవ వదులుతుంది" అన్నవాళ్ళ మాట వినకుండా చూశారు. కట్టి ఉంటే అదే నేరం ఒప్పుకున్నట్టు లెక్కయ్యేది.

బిన్ కార్డులు (ఒక్కో సరుకు రాకపోకలు, నిల్వ రాసే కార్డులు), లెడ్జరు, ఇష్యూ స్లిప్పులు (సరుకు ఇచ్చినట్టు రాసే చీటీలు), గేట్ పాసులు పక్కపక్కన పెట్టి తేదీలవారీగా సరిచూసిన తమ్ముళ్ళకు చేతులెత్తి మొక్కాలి. తేడా దొరికింది అక్కడే. నైట్ షిఫ్టులో "స్లిప్పు పొద్దున రాస్తాం" అని తీసుకెళ్ళిన సరుకు కాగితం మీదికి ఎక్కలేదు. చాలా స్టోర్లలో "దొంగతనం" ఇలాగే పుడుతుంది.

విచారణలో పక్కన కూర్చున్న అన్నగారు ప్రతి సాక్షినీ ఎదురు ప్రశ్నలతో క్రాస్ చేశారు. ఆ రోజు నమోదైంది చదివాకే సంతకం పెట్టించారు, తప్పుగా రాసినచోట అభ్యంతరం అక్కడే రాయించారు. అలిగి హాజరు మానేస్తే ఎక్స్‌పార్టీగా, అంటే మన వాదన వినకుండానే, ముగించేస్తారని ఆయన ముందే హెచ్చరించారు. విచారణ నివేదిక కాపీ ఇవ్వకుండా శిక్ష వేయకూడదని మన హైదరాబాదు ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్) కేసులో 1993లోనే సుప్రీంకోర్టు చెప్పిందనీ గుర్తు చేశారు. సస్పెన్షన్‌లో కార్మికుడికి మొదటి 90 రోజులు సగం జీతం, ఆపైన జాప్యం అతని వల్ల కాకపోతే 75 శాతం జీవనభృతి రావాలి. దాన్నీ అడిగి ఇప్పించారు.

వాట్సాప్ గ్రూపులో "దొంగ" అని తిప్పినదాని సంగతి లాయరు గారు తేల్చిచెప్పారు. యాజమాన్యానికి సద్భావంతో ఇచ్చిన ఫిర్యాదు పరువునష్టం కిందికి రాదు, ఊరంతా చాటడం వేరు. భారతీయ న్యాయసంహిత 356వ సెక్షన్ దానికి వర్తించవచ్చు. పరిహారం దావాకు గడువు ఒక్క ఏడాదే. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, మెసేజీలు ఉన్న ఫోన్ దాచాలి, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్ జతచేయాలి. తిరిగి తిట్టు మెసేజ్ పెట్టొద్దని కూడా ఆయన గట్టిగా చెప్పారు. అది మన కేసునే దెబ్బతీస్తుంది.

చివరగా, కాంట్రాక్టు ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియకపోయినా, ఆ రాత్రి సరుకు ఎవరు తీసుకెళ్ళారో అధికారి ముందు ఉన్నదున్నట్టు చెప్పిన నైట్ షిఫ్టు అక్కా, మీ మేలు మరువలేం. మీ రెన్యువల్‌కి ఏ ఇబ్బంది వచ్చినా మా సెక్షన్ మొత్తం మీ వెంట ఉంటుంది.